ఆకారం చెప్పావు, పని ఎక్కడ?

టి.నగర్, చెన్నై

అమ్మాయీ,

లుమజీన్ సింథేజ్ అనే ఎంజైమ్ మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. ఇలాంటి విషయం తెలుగులో రాయాలని పూనుకున్నావు, చాలా సంతోషం. కానీ మొదటి పేజీ అంతా హీలిక్సులు, షీట్లు, అంటే ప్రోటీన్ గొలుసులోని మెలికలు, మడతలు లెక్కపెట్టడంతోనే అయిపోయింది. చదివేవాళ్లు అక్కడే ఆగిపోతారు.

పనితో మొదలుపెట్టు. బి కాంప్లెక్స్ మాత్ర వేసుకున్నాక మూత్రం పసుపుపచ్చగా వస్తే చాలామంది టెన్షన్ పడతారు. ఆ రంగు రైబోఫ్లేవిన్‌ది, అంటే బి2 విటమిన్‌ది. మనకది పాలు, గుడ్లు, ఆకుకూరల వంటి తిండి నుంచే రావాలి. చాలా బ్యాక్టీరియాలు మాత్రం సొంతంగా చేసుకుంటాయి. ఆ తయారీలో ఆఖరి అడుగుకు ముందు అడుగు లుమజీన్ సింథేజ్‌ది. అది రెండు చిన్న అణువులను కలిపి లుమజీన్ చేస్తుంది. తర్వాత రైబోఫ్లేవిన్ సింథేజ్ రెండు లుమజీన్ అణువులు తీసుకుని ఒక రైబోఫ్లేవిన్ చేస్తుంది. మిగిలిన అణువు వృథా కాదు, వెనక్కి వెళ్లి మళ్లీ మొదటి ఎంజైముకే ముడిసరుకవుతుంది. నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికంటే అందంగా కనిపించేది ఇదే. నీ వ్యాసంలో ఇది లేనే లేదు!

ఇప్పుడు ఆకారం. బాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియాలో ఈ ఎంజైమ్‌కు చెందిన ఒకే రకం ప్రోటీన్ గొలుసులు 60 చేరి, ఐదేసి చొప్పున 12 గుంపులుగా, డొల్లగా ఉండే గుండ్రటి పెంకు కడతాయని రాశావు. లోపల మూడు గొలుసుల రైబోఫ్లేవిన్ సింథేజ్ ఉంటుందనీ రాశావు. బాగుంది. మరి రసాయన చర్య జరిగేదెక్కడ? గుంపులో పక్కపక్కనున్న రెండు గొలుసుల మధ్య సందులో. ఒంటరి గొలుసుకు పూర్తి పనిచోటే ఉండదు. గుంపు కట్టాల్సిన అవసరం అక్కడ మొదలైంది. ఆ మాట చెప్పకుండా అంకెలు ఎన్ని చెప్పినా పాఠకుడికి ఏం బోధపడుతుంది?

ఈస్ట్‌లో ఇదే ఎంజైమ్ ఐదు గొలుసులతోనే పనిచేస్తుంది. మరి ఇక్కడ 60 ఎందుకు? లోపలున్న ఎంజైముకు లుమజీన్ వెంటనే అందడానికి అన్నది ఒక వివరణ. ముందు ఆ ప్రశ్న పాఠకుడి మనసులో పుట్టించు, జవాబు తర్వాత ఇవ్వు.

మనలో ఈ తయారీ దారే లేదు కాబట్టి, దీన్ని అడ్డుకునే మందు బ్యాక్టీరియాను మాత్రమే దెబ్బతీస్తుందన్న ఆశ ఉంది. అది ఒక్క పేరా చాలు. అక్విఫెక్స్ ఎయోలికస్ అనే, బాగా వేడి నీళ్లలో బతికే బ్యాక్టీరియా నుంచి తీసుకున్న ఇదే పెంకు మీద హెచ్ఐవీ ప్రోటీన్ ముక్కలు అమర్చి, మనుషుల్లో టీకా ప్రయోగాలు చేశారు. దాని గురించి వివరంగా రాయి.

ఇంకొకటి. ప్రోటీన్ గొలుసు ఏ కోణాల్లో వంగగలదో 1963లో లెక్కకట్టి పటం గీసి చూపిన జి.ఎన్. రామచంద్రన్ బృందం పనిచేసింది ఈ ఊళ్లోనే, మద్రాసు యూనివర్సిటీలో. ఇవాళ్టికీ కొత్త నిర్మాణాలను ఆ పటంతో సరిచూస్తారు. చెన్నైలో ఉండి ప్రోటీన్ల ఆకారం గురించి రాస్తూ ఆయన్ని వదిలేస్తే నేను ఒప్పుకోను.

ముందు ఆ పనిచోటు బొమ్మ నీ చేత్తో గీసి, ఏ గొలుసు నుంచి ఏ భాగం వస్తోందో పక్కన రాసి పంపు. అది చూశాక మొదటి పేజీ సంగతి మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మాస్టారు