నొప్పి తక్కువగా ఉన్న రోజే జాగ్రత్త

"ఏళ్ల తరబడి నడుం నొప్పి ఉన్నవాళ్లు నడవొచ్చా, విశ్రాంతే మంచిదా?" అని అడిగారు. నాకు 11 ఏళ్లుగా ఉంది. నడవండి. కాకపోతే ఎంత నడవాలో నొప్పిని అడగకండి, గడియారాన్ని అడగండి.

మాది హిందూపురం, పెళ్లయ్యాక బెంగళూరు జయనగర్‌లో స్థిరపడ్డాం. ఒక ఆదివారం లేచేసరికి నడుం తేలిగ్గా ఉంది. ఎన్ని నెలలకో! ఆ సంతోషంలో మా ఆడపడుచుతో లాల్‌బాగ్ వెళ్లి 300 కోట్ల ఏళ్ల నాటిదని చెప్పే ఆ బండ ఎక్కేశాను. పైన కెంపేగౌడ గోపురం దగ్గర గాలికి నిలబడి, దిగి, గాజుమేడ, చెరువు గట్టు అన్నీ చుట్టాం. అంతటితో ఆగానా, ఇంటికొచ్చి అటక మీది ఇత్తడి గిన్నెలన్నీ దింపి తోమాను. సోమవారం నుంచి గురువారం దాకా మంచం దిగలేదు. బాత్‌రూమ్‌కి వెళ్లాలన్నా గోడ పట్టుకోవాల్సిందే.

ఫిజియోథెరపిస్ట్ అంతా విని, "బాగా నొప్పి ఉన్న రోజు ఎన్ని నిమిషాలు నడవగలరు మేడం?" అని అడిగింది. 8 అన్నాను. "అయితే రోజూ 6 నిమిషాలు. నొప్పి ఉన్నా అంతే, లేకపోయినా అంతే. వారానికి ఒక్క నిమిషం పెంచండి" అంది. ఆరు నిమిషాలా అని ఏడుపొచ్చింది. ఏడు నెలలకు 35 నిమిషాలయ్యాయి. నొప్పి పోలేదు, కానీ అలా మంచం పట్టడం మళ్లీ రాలేదు.

అసలు నన్ను ఎక్కువ పాడు చేసింది స్కాన్ రిపోర్టు. అందులో డిస్క్ బల్జ్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి డిస్క్ కాస్త బయటికి ఉబ్బడం) అన్న మాట చూసి రెండేళ్లు కింద పడిన చెంచా కూడా వంగి తీయలేదు. ఏ నొప్పీ లేనివాళ్ల స్కాన్‌లో కూడా అది కనిపిస్తుందని ఒక్కరూ చెప్పలేదు. నడుముకు కట్టుకునే బెల్టు మాత్రం అందరూ కొనమన్నారు. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలిక నడుం నొప్పికి వ్యాయామం మంచిదని చెప్పి, బెల్టులు వద్దంది. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం మీద పట్టు తప్పినా మాత్రం ఆ రోజే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి.

ఇక మన ఫుట్‌పాత్‌లు. ఒక రాయి పైకి, ఒక రాయి లోపలికి, మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్, వెనక నుంచి బైకు. నొప్పి ఉన్నవాళ్లకి అడుగు తప్పితే వారం పోతుంది. నడక కోసం నేను పార్కు దాకా ఆటోలో వెళ్తున్నానంటే కారణం ఇదే. అది చూసి బంధువులు "నొప్పంటుంది, లాల్‌బాగ్‌లో తిరుగుతుంది" అంటారు. ఆ మాట నొప్పికంటే ఎక్కువ బాధపెడుతుంది. తిరుగుతున్నాను కాబట్టే పెళ్లిళ్లకు రాగలుగుతున్నానని వాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు.

మీరు ముందు చెడ్డ రోజున ఎన్ని నిమిషాలు నడవగలరో చూసుకోండి. రెండే వచ్చినా ఫర్వాలేదు, అంతకు కాస్త తక్కువతోనే మొదలుపెట్టండి.