తిరుపతి మేడ మీద నుంచి పాత వెబ్‌క్యామ్‌తో గురుగ్రహాన్ని ఫొటో తీయొచ్చా?

తీయొచ్చు, లెన్స్ ఊడదీసిన వెబ్‌క్యామ్‌ను టెలిస్కోప్‌లో ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం) పెట్టే చోట బిగిస్తే చంద్రుడు, గురుడు, శని చక్కగా వస్తాయి. అప్పుడు టెలిస్కోపే దానికి లెన్స్.

అసలు బలమంతా వీడియోలో ఉంది. పైన గాలి కదులుతూనే ఉంటుంది కాబట్టి గ్రహం పారే నీళ్ల అడుగున గులకరాయిలా అల్లాడుతుంది, మధ్యమధ్యలో ఒక్క క్షణం తేటపడుతుంది. ఆ క్షణాలే మనకు కావాలి. సెకనుకు 30 ఫ్రేముల చొప్పున 2 నిమిషాలు తీస్తే 3,600 ఫ్రేములు. రెజిస్టాక్స్ లాంటి సాఫ్ట్‌వేర్‌తో వాటిలో బాగున్న 500 ఏరి ఒకదానిపై ఒకటి పేరిస్తే గురుడి మీది మేఘాల పట్టీలు బయటపడతాయి. మరీ ఎక్కువసేపు తీయకండి. గురుడు 10 గంటల్లోపే తన చుట్టూ తాను తిరిగేస్తాడు, వివరాలు చెదిరిపోతాయి.

చాలా వెబ్‌క్యామ్‌లలో లెన్స్‌తో పాటు కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతిని ఆపే ఫిల్టర్ కూడా పోతుంది. విడిగా ఒకటి పెట్టకపోతే రంగులు మారిపోతాయి.

ఊరి లైట్ల వల్ల కుదరదని, తలకోన అడవి దాకా పోవాలని చాలామంది అనుకుంటారు. అది మసకగా ఉండే గెలాక్సీలకు నిజం, వెలుగున్న గ్రహాలకు కాదు. మేడ మీద అసలు శత్రువు ఎండకు కాగిన స్లాబు. రాత్రి 9 దాటినా దాని వేడి పైకి లేస్తూనే ఉంటుంది, అది చల్లారాకే మొదలుపెట్టండి.