ఓటీపీ చెప్పలేదు, అయినా తప్పు నాదేనట

ప్రశ్న: ఆన్‌లైన్‌లో కొన్న చీర నచ్చక వాపసు పంపాను. రీఫండ్ రాలేదు. నెట్‌లో వెతికి, దొరికిన కస్టమర్ కేర్ నంబరుకు ఫోన్ చేస్తే ఒక యాప్ వేసుకోమన్నారు. వేసుకున్నాను. ఓటీపీ ఎవరికీ చెప్పలేదు. శనివారం రాత్రి ఖాతాలోంచి 32,000 రూపాయలు పోయాయి. వెంటనే బ్యాంకుకు ఫోన్ చేసి ఖాతా ఆపేయమన్నాను. అయినా అరగంట తర్వాత మరో 14,000 పోయాయి. ‘ఓటీపీతో జరిగిన లావాదేవీ, మాకు బాధ్యత లేదు’ అని బ్యాంకు రాసిచ్చింది. ఇంట్లో ఇంకా చెప్పలేదు. నాకేమైనా దారి ఉందా?

జవాబు: ఉందమ్మా. ముందు ఈ రెండు మొత్తాలనూ విడదీయండి. బ్యాంకు రెండింటినీ కలిపి ఒకే మాటతో తోసిపుచ్చింది, అది సరికాదు.

రెండోసారి పోయిన 14,000 విషయంలో మీ వాదన చాలా గట్టిది. రిజర్వ్ బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, ఖాతాదారు అజాగ్రత్తగా ఉన్నా సరే, బ్యాంకుకు చెప్పిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదే. కాబట్టి మీరు ఫోన్ చేసిన సమయమే ఇక్కడ ప్రాణం. కాల్ లిస్టు చెరిగిపోకముందే స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఫిర్యాదు నంబరు ఇచ్చి ఉంటే రాసి పెట్టుకోండి, ఇవ్వకపోతే ఇప్పుడైనా రాతపూర్వకంగా అడగండి.

మొదటి 32,000 కొంచెం చిక్కు. ఆ యాప్ మీ ఫోన్ తెరను అవతలివాళ్లకు చూపించే రకమైతే, మీరు నోరు విప్పకపోయినా ఓటీపీ వాళ్లు చదివేశారు. బ్యాంకు దీన్నే మీ అజాగ్రత్త అంటుంది. అయితే తప్పు ఖాతాదారుదని నిరూపించాల్సిన భారం అదే సర్క్యులర్ బ్యాంకు మీదే పెట్టింది. ‘ఓటీపీ వాడారు’ అన్నంత మాత్రాన ఆ భారం తీరినట్టు కాదు. ఇలాగే కొన్న బట్టలు వాపసు ఇవ్వబోయి, కస్టమర్ కేర్ పేరుతో వచ్చిన ఫోన్ నమ్మి యాప్ వేసుకున్న ఒక ఖాతాదారు 94,204 రూపాయలు పోగొట్టుకున్నారు. ఆయన 24 గంటల్లోపే ఫిర్యాదు చేశారు. గౌహతి హైకోర్టు బ్యాంకే చెల్లించాలంది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. కాకపోతే అక్కడ దుకాణం వెబ్‌సైటు నుంచే వివరాలు లీకయ్యాయి, మీరేమో మీరే ఆ నంబరుకు ఫోన్ చేశారు. ఈ తేడా మీకు ముందే తెలిసి ఉండాలి.

ఫిర్యాదులో యాప్ సంగతి దాచకండి. సిగ్గుపడి దాచినవాళ్ల కేసులు తర్వాత బ్యాంకు రికార్డుల ముందు నిలబడవు. ఇంట్లో కూడా ఈ రోజే చెప్పండి. నేరం చేసింది అవతలివాళ్లు, మీరు కాదు.

సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఇంకా ఫోన్ చేయకపోతే ఈ జవాబు చదవడం ఆపి ముందు అది చేయండి. డబ్బు ఖాతాలు మారే లోపు ఆపగలిగే అవకాశం అక్కడే ఉంది. పోలీసు స్టేషన్‌లో ‘మా పరిధి కాదు’ అంటే వినకండి. నేరం ఎక్కడ జరిగినా ఫిర్యాదు తీసుకోవాలని క్రిమినల్ కేసుల విధానాన్ని నిర్దేశించే చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. వేరే ఫోన్ నుంచి పాస్‌వర్డులు, పిన్‌లు మార్చండి. యాప్‌ను స్క్రీన్‌షాట్ తీశాకే తొలగించండి.

బ్యాంకు ఇప్పటికే తిరస్కరించింది కాబట్టి ఆ ఉత్తరం జతచేసి బ్యాంకుల మీద ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టండి. ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. వినియోగదారుల కమిషన్‌కు ముందే వెళ్తే అదే విషయాన్ని అంబుడ్స్‌మన్ తీసుకోరు. అందుకే ఈ వరసలో వెళ్లండి.

చీర డబ్బు వేరే సంగతి. అమ్మిన సంస్థలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరుకు రాయండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఆ పైన మీరు ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. రీఫండ్ రావడానికి యాప్ గానీ, యూపీఐ పిన్ గానీ ఎన్నడూ అవసరం లేదు.

ఇంకొకటి. ‘పోయిన డబ్బు తెప్పిస్తాం, ముందు కొంత కట్టండి’ అంటూ పోలీసులమనో బ్యాంకువాళ్లమనో ఫోన్లు రావచ్చు. అలాంటివాళ్లకు ఒక్క రూపాయి కూడా పంపకండి, ఆ నంబరు కూడా 1930కి చెప్పండి.