యాంత్రికంగా పంపిన బొమ్మ

సందేహం: టీవీ చరిత్ర మీద వ్యాసం రాస్తున్నాను. ‘యాంత్రిక టెలివిజన్’ అని రాస్తే మిత్రుడొకాయన ‘టీవీలన్నీ యంత్రాలేగా!’ అన్నారు. టీవీ ఆవిష్కర్తల్లో ఒకరైన జాన్ లోగీ బెయిర్డ్ గురించి రాసిన ‘బెయిర్డ్ ముఖాన్ని యాంత్రికంగా ప్రసారం చేశాడు’ అన్న వాక్యం నాకే ఎబ్బెట్టుగా ఉంది. అమెరికాలో సీబీఎస్ అనే ప్రసార సంస్థ తెచ్చిన రంగుల టీవీని కూడా యాంత్రికమనే అనాలా?

సమాధానం: మీ మిత్రుడి మాట కొట్టిపారేయలేం. తెలుగులో యంత్రమంటే పిండిమర నుంచి కంప్యూటర్ దాకా అన్నీ వస్తాయి. అయితే ‘యాంత్రిక’కు అర్థం పక్కనున్న నామాన్ని బట్టి తేలుతుంది. ‘యాంత్రిక శక్తి’ భౌతికశాస్త్ర పాఠాల్లో స్థిరపడిన మాట. ‘యాంత్రిక జీవనం’ అంటే మనసులేని బతుకు. చివర ‘గా’ చేరిందా, ఈ రెండో అర్థమే పైకొస్తుంది: యాంత్రికంగా తలూపాడు, యాంత్రికంగా సంతకం పెట్టాడు. మీ వాక్యంలో బెయిర్డ్ ఏదో పరధ్యానంలో పని కానిచ్చినట్టు ధ్వనిస్తున్నది అందుకే. పాపం, 1926 జనవరి 26న లండన్ ఫ్రిత్ స్ట్రీట్‌లోని మేడగదిలో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అనే విజ్ఞాన సంస్థ సభ్యులకు బొమ్మ చూపించడానికి ఆయన పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు!

కాబట్టి ‘యాంత్రిక టెలివిజన్’ అలాగే ఉంచండి. కానీ మొదటిసారి వాడినచోట అందులో తిరిగేదేమిటో చెప్పండి. జర్మన్ పాల్ నిప్కో 1884లో పేటెంటుకు పెట్టిన బిళ్ల అది. దాని మీద చిల్లులుంటాయి. అవి ఒకే వలయంలో ఉండవు, ఒక్కొక్కటీ ముందుదానికన్నా కాస్త లోపలికి జరుగుతూ సర్పిలంగా పోతాయి. బిళ్ల ఒక చుట్టు తిరిగేలోగా ఒక్కో చిల్లూ దృశ్యంలో ఒక్కో గీతను తడుముతుంది. బెయిర్డ్ బొమ్మకు అలాంటి గీతలు 30 మాత్రమే. ఇంత చెప్పాక మీ మిత్రుడు ఆ ప్రశ్న వేయరు. ఆ వాక్యాన్ని మాత్రం ‘తిరిగే బిళ్ల సాయంతో ప్రసారం చేశాడు’ అని మార్చేయండి.

రంగుల విషయంలో ఇంకాస్త జాగ్రత్త కావాలి. బెయిర్డే 1928 జులైలో మూడు సర్పిలాల బిళ్లతో, ఒక్కో సర్పిలానికి ఒక్కో రంగు ఫిల్టరు పెట్టి రంగుల బొమ్మ చూపించాడు. అది నిస్సందేహంగా యాంత్రికమే. సీబీఎస్‌లో పీటర్ గోల్డ్‌మార్క్ రూపొందించిన పద్ధతి వేరు. అందులో పిక్చర్ ట్యూబు ఎలక్ట్రానిక్, దాని ముందు గిర్రున తిరిగే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్ల చక్రం మాత్రం యాంత్రికం. 1950లో అనుమతి దొరికినా, 1951లో ప్రసారాలు నడిచింది కొన్ని నెలలే. జనం ఇళ్లలో అప్పటికే ఉన్న నలుపు తెలుపు సెట్లలో ఆ బొమ్మ కనిపించేది కాదు మరి. దీన్ని యాంత్రికమన్నా పొరపాటే, పూర్తి ఎలక్ట్రానిక్ అన్నా పొరపాటే. నేనైతే ‘రంగులచక్రం పద్ధతి’ అంటాను. ‘రంగు చక్రం’ అనకండి, రంగు పూసిన చక్రమనుకుంటారు.