‘ఘాటుగా అడిగాడు’ వంటి మాటల్లో శ్లేష ఎక్కడ ఉంటుంది?

ఈ శ్లేష పాత్ర పలికిన మాటలో కాక, ఆ మాటను ఎలా పలికిందో చెప్పే కథకుడి పదంలోనే ఉంటుంది. ఆ పదానికి ఒక అర్థం పలికిన తీరును తెలిపితే, రెండో అర్థం పలికిన విషయాన్ని తాకుతుంది కాబట్టి, పాఠకుడు వాక్యం చివరికి వచ్చాక వెనక్కి వెళ్లి ఆ మాటను మళ్లీ చదువుకుంటాడు.

“ఈ ఎర్రగడ్డలకు ఇంతేనా ధర?” అని కర్నూలు మార్కెట్ యార్డులో రైతు ఘాటుగా అడిగాడు అన్నప్పుడు, ఆ ఘాటు అతని కోపానిదీ, గోనెసంచిలోని ఉల్లిగడ్డదీ కూడా. తెలుగులో ‘అని’ తర్వాతే ఇలాంటి పదం సహజంగా వచ్చి కూర్చుంటుంది. ఇది మన వాక్యానికి దక్కిన చక్కని సౌలభ్యం. ఇంగ్లిష్‌లో దీన్ని, 1910లో మొదలైన పిల్లల నవలల కథానాయకుడి పేరు మీదుగా, టామ్ స్విఫ్టీ అంటారు.

పాత్రే చమత్కరించిందని చాలామంది పొరబడతారు. రైతు నిజంగానే బాధపడుతున్నాడు; చమత్కారం కథకుడిది.