దేవదారు అడవిలో టెంటు వేసుకునే ముందు

చిన్నా,

ఉత్తరాఖండ్‌లో సాంక్రీ అనే కొండ ఊరి పైన దేవదారు అడవిలో సొంత టెంట్లు వేసుకుని ఉండబోతున్నారని మీ నాన్న చెప్పాడు. వెళ్లండి, నాకు చాలా సంతోషం. అయితే నువ్వు పంపిన లిస్టులో కెమెరా ఉంది, స్పీకరు ఉంది, కింద పరుచుకునేది మాత్రం లేదు. బెజవాడలో పెరిగినవాళ్లం కదా, చలి అంటే గాలిదే అనుకుంటాం. అక్కడ రాత్రంతా ఒంట్లో వేడిని లాగేసేది నేల. ఎంత ఖరీదైన స్లీపింగ్ బ్యాగైనా వీపు కింద నలిగి అణిగిపోతుంది, ఆ వైపు అది ఆపేది ఏమీ ఉండదు. అందుకని మనిషికి రెండు ఫోమ్ మ్యాట్లు పట్టుకెళ్లండి, బరువైనా సరే, కావాలంటే ఆ స్పీకరు మానేయండి.

లంబసింగిలో ఉన్నాం కదా పెదనాన్నా అంటావేమో. అది సుమారు 1,000 మీటర్ల ఎత్తు, మీరు వెళ్లేది 3,000కి దగ్గర. ప్రతి 1,000 మీటర్లకీ ఆరు డిగ్రీల పైనే తగ్గుతుంది, పైగా అది ఉత్తరాది చలి.

మధ్యాహ్నం మూడింటికల్లా నడక ఆపేయండి, కొండల్లో తరచూ ఆ తర్వాతే మబ్బు కమ్ముతుంది. వాగు పక్కన పల్లం చూడ్డానికి బాగుంటుంది గానీ రాత్రి చల్లగాలి కిందికి జారి అక్కడే నిలుస్తుంది, కాబట్టి కాస్త మెరక చూసుకోండి. టెంటు వేసే ముందు తలెత్తి చూడండి, పైన ఎండుకొమ్మ ఉంటే ఆ చోటు వద్దు. చలేస్తోందని టెంటు గాలి సందులు మూసేయకండి, మన ఊపిరిలోని తేమే లోపల నీళ్లై కారి పక్కలన్నీ తడుపుతుంది. పడుకునేటప్పుడు వేసుకునే జత పొడిగా ప్లాస్టిక్ కవర్లో దాచండి, పగలు చెమట పట్టిన కాటన్ బనియన్‌తో అస్సలు పడుకోవద్దు. ఇంకోటి, ఎంత వణుకు పుట్టినా టెంటు లోపల స్టవ్ గానీ నిప్పులు గానీ పెట్టకండి. వాటి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఈ మాట నీ ఫ్రెండ్స్ అందరికీ చెప్పానని నాకు ఫోన్ చేసి చెప్పు.

సాంక్రీ చేరిన రోజే పైకి ఎక్కేయకండి, ఒక రాత్రి ఉండండి, ఒంటికి ఎత్తు అలవాటవ్వాలి. 3,000 మీటర్లు దాటాక నిద్రపోయే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెరగకూడదు. తలనొప్పి, వికారం, అన్నం సయించకపోవడం ఉంటే ఇంక పైకి వద్దు, అక్కడే ఆగండి, తగ్గకపోతే దిగండి. నడక తూలినా, మాట తడబడినా, కూర్చున్నా ఆయాసం వస్తున్నా తెల్లారేదాకా చూడకండి, ఆ మనిషిని వెంటనే కిందికి దింపండి. ఇందులో మొహమాటం వద్దురా, ట్రిప్ పాడైతే పాడవనీ. మందు పార్టీలు ఊరికొచ్చాక చేసుకోండి.

తిండి విషయానికొస్తే, అంత ఎత్తులో నీళ్లు 90 డిగ్రీలకే మరుగుతాయి, కుక్కర్ లేకుండా కందిపప్పు ఉడకదు. అటుకులు, ఉప్మా రవ్వ, మీ అమ్మ చేసే సున్నుండలు, కారప్పొడి చాలు. వాగు నీళ్లు మూడు నిమిషాలు తెర్లనిచ్చి తాగండి. గ్యాస్ డబ్బాలు రైల్లో తీసుకెళ్లకూడదు, డెహ్రాడూన్‌లో కొనుక్కోండి, గడ్డకట్టే చలికి అవి సరిగ్గా మండవు గనక రాత్రి పక్కలో పెట్టుకోండి. తిండి మాత్రం టెంటులో ఉంచొద్దు, అక్కడ ఎలుగుబంట్లు తిరుగుతాయి, సంచిలో కట్టి దూరంగా చెట్టుకి వేలాడదీయండి. బయటికి వెళ్లాలంటే నీటికి 60 మీటర్ల అవతల జానెడు లోతు గొయ్యి తీసి పూడ్చండి. చలిమంట ఫారెస్టువాళ్లు ఒప్పుకుంటేనే. ఎండాకాలం అక్కడ రాలిన ఆకులు ఎంత తేలిగ్గా అంటుకుంటాయో, ఆ అడవులు ఎలా తగలబడిపోతాయో చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

పర్మిట్ తీసుకోండి, ఆ ఊరి మనిషిని ఒకరిని వెంటబెట్టుకోండి. ఎక్కడెక్కడ పడుకుంటారో, ఏ రోజు దిగుతారో రాసి ఒక కాగితం నాకు, ఇంకోటి సాంక్రీలో మీరు దిగిన చోట ఇవ్వండి. వచ్చే ఆదివారం టెంటు తీసుకుని ఇక్కడికి రా, మా డాబా మీద లైట్లు ఆర్పి చీకట్లో వేసి చూద్దాం.

మీ పెదనాన్న