నోరెండిపోతుంటే పళ్ళ మీద ఓ కన్నేసి ఉంచు

అమ్మాయీ,

నోరు తడారిపోతోందని రోజంతా పుల్లబిళ్ళలు చప్పరిస్తున్నానని రాశావు. ముందు ఆ బిళ్ళల డబ్బా తీసి పక్కన పెట్టు. మిగతా సంగతులు తర్వాత.

మనకు రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. అది నోరు తడపడంతో ఆగదు. తీపి తగిలినప్పుడల్లా నోట్లోని బ్యాక్టీరియా ఆమ్లం పుట్టిస్తుంది. పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) సుమారు 5.5 కంటే దిగిందంటే పంటి పైనుండే గట్టి పొర ఎనామిల్ కరగడం మొదలవుతుంది. లాలాజలంలోని బైకార్బొనేట్ ఆ ఆమ్లాన్ని విరిచేస్తుంది, క్యాల్షియం, ఫాస్ఫేట్ పంటికి జరిగిన నష్టాన్ని కొంత పూడుస్తాయి. ఇప్పుడు నీకు ఆ మరమ్మతు సరిగా జరగడం లేదు. పైగా పుల్లబిళ్ళలో చక్కెరా ఉంది, ఆమ్లమూ ఉంది. హాయిగా అనిపించినంతసేపూ పళ్ళు నానుతున్నది అందులోనే.

ఈ పుచ్చు చిగురు అంచున, వేరు బయటపడ్డ చోట ఎక్కువగా వస్తుంది. వేరుకు ఎనామిల్ ఉండదు కదా. మొదట్లో నొప్పి తెలియదు, అదే దీనితో చిక్కు.

కారణం చాలాసార్లు మందుల్లోనే ఉంటుంది. అలర్జీ మాత్రలు, డిప్రెషన్‌కి వాడేవి, మూత్రం ఎక్కువగా పోయించే బీపీ మందులు, ఇలా చాలా ఉన్నాయి. అలాగని నీ అంతట నువ్వు ఏదీ మానేయకు. మోతాదు గానీ మందు గానీ మార్చే వీలుందా అని డాక్టర్ని అడుగు. షుగర్ పరీక్ష చేయించుకో. కళ్ళు కూడా ఎండి మండుతుంటే ఆ మాట తప్పకుండా చెప్పు, ఒంటి రక్షణ వ్యవస్థే కన్నీటి, లాలాజల గ్రంథుల్ని దెబ్బతీసే షోగ్రెన్ జబ్బేమో చూస్తారు.

నీళ్ళు గుక్క గుక్కగా తాగుతూ ఉండు. ఉపశమనమే తప్ప లాలాజలం చేసే పని నీళ్ళు చేయలేవు. చక్కెర లేని, దాని బదులు జైలిటాల్ అనే తీపి పదార్థం ఉన్న చూయింగ్ గమ్ నమిలితే లాలాజల గ్రంథుల్లో సత్తువ మిగిలి ఉన్నంతమేర ఉమ్మి ఊరుతుంది. (కుక్కకు మాత్రం అది అందనివ్వకు, జైలిటాల్ వాటికి విషం.) ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ వద్దు.

రాత్రిపూట లాలాజలం మామూలుగానే తగ్గిపోతుంది. అందుకే పడుకునే ముందు బ్రష్ చేయడం ఎట్టి పరిస్థితిలోనూ మానకు. ఫ్లోరైడ్ పేస్టుతో తోమి ఉమ్మేయి, నీళ్ళతో పుక్కిలించకు. ఆ తర్వాత మంచినీళ్ళు తప్ప ఇంకేమీ నోట్లో పెట్టుకోకు. నోటితో గాలి పీలుస్తూ నిద్రపోతుంటే ముక్కు సంగతి కూడా చూపించుకో.

మీ అమ్మకి కూడా నోరెండుతుందన్నావు. కట్టుడు పళ్ళు రాత్రి తీసి, శుభ్రంగా కడిగి, నీళ్ళలో వేసి పడుకోమను. తడి లేని నోట్లో వాటి కింద ఫంగస్ తొందరగా పడుతుంది.

పంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు వాడుతున్న మందులన్నీ కాగితం మీద రాసుకెళ్ళు. ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న పేస్టు నీకు అవసరమా అని అడుగు, ఎన్ని నెలలకోసారి రావాలో కూడా అప్పుడే తేల్చుకో.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ